నదిని గట్టుగా చూపిన జంటద్దాలు

నేను ఒక స్టీరియోస్కోపును. ఆ పేరు నోరు తిరగక విశాఖలోని మా మ్యాపుల ఆఫీసులో అందరూ నన్ను జంటద్దాలు అనేవారు. విమానం నుంచి తీసిన రెండు ఫోటోలు నా కింద పక్కపక్కన పెట్టి చూస్తే కొండ లేచి నిలబడుతుంది, లోయ కిందికి దిగుతుంది. ఇద్దరు ముగ్గురు వాడి వదిలేశాక జోగినాయుడు మాస్టారి బల్ల మీదికి చేరాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గీత తప్పలేదని ఆయనకు పేరు. అంత పేరున్న మనిషి పనిని ఎవరు సరిచూస్తారు?

ఆ ఏడు ఉత్తర ధ్రువం వైపు, మనిషి అలికిడి లేని కొండలకూ నదికీ మ్యాపు గీసే పని వచ్చింది. అక్కడ పరిశోధనకు ఆరుగురు వెళ్తున్నారు. వారిలో మాస్టారి అల్లుడు చిన్నంనాయుడు ఒకడు. "మా మామ గీసిన కాయితం ఉండగా నాకేటి బయం?" అని అందరికీ చెప్పుకుని మరీ బయల్దేరాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన వకుళ పని నేర్చుకుందామని ఆ ఫోటోలే నా కింద పెట్టి ఉలిక్కిపడింది.

"మాస్టారూ, గుడారాలెయ్యమని మీరు గుర్తెట్టిన ఎత్తయిన తెల్ల గట్టు, గట్టు కాదండీ. మంచు కప్పేసిన నది!"

"నేను చూడందేటమ్మా?" అని నవ్వుతూ వంగిన మాస్టారు, ఫోటోల మూలనున్న అంకెలు వేలు పెట్టి వెతికాడు.

విమానం వెళ్తూ ఒక వరుస, తిరిగొస్తూ ఇంకో వరుస ఫోటోలు తీస్తుంది. తిరుగు వరుసలో ఫోటోల అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వకుళ అలాగే పెట్టింది; మాస్టారు అలవాటు కొద్దీ చిన్న అంకెను ఎడమన పెట్టేశాడు. అలా తారుమారైతే నాలో కొండ గొయ్యిగా, గొయ్యి కొండగా కనిపిస్తుంది. పెట్టిందే చూపించాను, నిజమే. అయినా నాకు గుండె ఉంటే ఆ క్షణాన ఆగిపోయేది.

"ఒలమ్మో! మంచు కరిగే రోజులివి. పిల్లడ్ని నేనే నీట్లో పండబెట్టేసినాను!" అని మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

వెంటనే వైర్‌లెస్ కబురు పంపించారు. మూడు రోజులు ఆయన మెతుకు ముట్టలేదు. నాలుగోనాడు అల్లుడి జవాబు వచ్చింది. వకుళ చదివి వినిపించింది.

"మామా, పొగమంచులో ఏటీ అవుపించక, ఆ గట్టు మీదే అనుకుని గుడారాలేసినాం. రెండోనాడు పొగమంచు ఇడిపోనాది, కింద నుంచి ఏదో చప్పుడు. పక్కన పెద్ద గొయ్యుందని మ్యాపు చెప్తంది, కళ్ళకేమో కొండ అవుపిస్తంది. కాయితం ఇసిరేసి కొండెక్కినాం. గుడారాలు కొట్టుకుపోనాయి. అందరం బాగున్నాం. మీ కబురు మర్నాడు అందింది."

మాస్టారు రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరుమన్నాడు.

"నా మాట ఇననందుకు బతికినాడమ్మా!"