పొర వెనక జుట్టు

శుక్రవారం మంచి ముహూర్తం ఉందని చిక్కడపల్లి పంతులు చెప్పగా, అత్త యశోదమ్మ ఆ రోజుకే కోడలి కాన్పు ఆపరేషన్ ఖాయం చేయించింది. అందుకే బుధవారం పొద్దున పాత కుట్టు దగ్గర చురుక్కుమన్నా కల్పన నోరు మెదపలేదు. ఇది మూడో సిజేరియన్. కుట్టు విడిపోతే బిడ్డ దక్కడం కష్టమని డాక్టరమ్మ ముందే చెప్పింది. మధ్యాహ్నానికి ఆ మాటే గుర్తొచ్చి కల్పన ఇక ఆగలేకపోయింది.

"అత్తమ్మా, కుట్టు కాడ మంటలేస్తున్నది. పొద్దుటి సంది."

"పొద్దుటి సందా? మరి నోట్ల ఏం పెట్టుకున్నవే?"

"ముహూర్తం తప్పితే తిడతవని..."

"ముహూర్తం మన్నుల గలవ! లే, ఆటో పిలుస్త."

నారాయణగూడ ఆస్పత్రిలో మత్తు సూదికి నడుము కింద మొద్దుబారినా కల్పనకు మాటలు వినబడుతూనే ఉన్నాయి. అడ్డం కట్టిన పచ్చగుడ్డ అవతల డాక్టరమ్మ చేతులు ఒక్కసారి ఆగిపోయాయి.

"కల్పనా, పాత కుట్టు ఉల్లిపొర లెక్కయింది. పొర వెనక నీ బిడ్డ జుట్టు కనబడుతున్నదమ్మా."

రెండుసార్లు కోసి కుట్టిన తన ఒళ్ళు, ఆ పలుచని పొరతోనే పొద్దుటి నుంచీ బిడ్డను పట్టుకుని ఉంది!

కాసేపటికి గదంతా పసిబిడ్డ ఏడుపు. తలుపు అవతల నుంచి యశోదమ్మ అరిచింది: "జాతకానికి టైం తర్వాత రాసుకుందాం సిస్టర్, పిల్ల ఏడ్చింది, గంతే చాలు!"

నర్సు పాపను కల్పన చెంపకు ఆనించింది. ఒత్తుగా, నల్లగా, తడిగా ఉంది ఆ జుట్టు. పుట్టకముందే కనబడిన జుట్టు. చేత్తో తాకడానికి భయమేసి, కల్పన పెదవులతో మెల్లగా తాకింది.