నాలుగుకు మూడు

2005లో ఆ రోజు చింతామణిలోని కాలేజీ హాలుకు బయలుదేరినప్పుడు మునినారాయణ చేతిలో ఉన్నవి రెండే: కొత్తగా అచ్చయిన ఒక పుస్తకం, అందులో ఒక తప్పు. ఆ తప్పు అతనిదే.

ఇరవై ఆరేళ్ళ కిందట, కాలేజీలో పీయూసీ చదువుతుండగా, అతను పదహారు పేజీల వ్యాసం రాశాడు. శక్తికీ ద్రవ్యరాశికీ ఉన్న లంకె ఐన్‌స్టీన్‌కు ముందే ఫ్రెంచి గణితవేత్త పాంకరే రాతల్లో, ఆస్ట్రియా శాస్త్రవేత్త హాసెనోర్ల్ లెక్కల్లో కొంత కొంత బయటపడిందని, మొదటివాడెవరో తేల్చడం సులభం కాదని. దిద్దమని ఫిజిక్స్ లెక్చరర్ పురుషోత్తమ్‌కు ఇచ్చాడు. మూడు నెలలకు అది కన్నడ మాసపత్రికలో వచ్చింది, పురుషోత్తమ్ పేరుతో. అడిగితే ఆయన క్లాసంతా నవ్వేలా అన్నాడు: "చింతపండు మండీ వాని కొడుక్కి హాసెనోర్ల్ యాడ తెలుస్తాడప్పా? పోయి పండులో గింజలు తీసుకో పో."

మునినారాయణ పోయాడు. చదువు మానేశాడు, మండీ పెంచాడు. ఒకసారి బెంగళూరు గ్రంథాలయంలో తన తప్పు తనకే కనపడింది. ఎవరికీ చెప్పలేదు. ధర వచ్చేదాకా సరుకును గోదాంలో ఉంచినట్టు దాచిపెట్టాడు.

ఈ ఏడు ఆ సమీకరణానికి నూరేళ్ళు. అదే వ్యాసం పురుషోత్తమ్ పేరుతోనే పుస్తకమైంది, దానికి ఆయనకు సన్మానం. అధ్యక్షుడు శాలువా విప్పుతుండగా మునినారాయణ లేచి పురుషోత్తమ్‌ను అడిగాడు.

"సార్, శక్తి నుంచి ద్రవ్యరాశి తీస్తే హాసెనోర్ల్‌కు ఏ భిన్నమొచ్చింది?"

"మూడు బై నాలుగు. తొమ్మిదో పేజీలో ఉండాది, చదువుకోప్పా."

"నాలుగు బై మూడు సార్. ఏ పుస్తకమైనా చూడండి."

"అచ్చుతప్పు."

"అప్పటి పత్రికలోనూ ఇదే ఉండాది. కింద లెక్కంతా దాని మీదే చేసినారే!"

పురుషోత్తమ్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఆ తప్పు ఎట్లొచ్చిందో నేను చెప్తా. మా మండీలో కాయ నాలుగు మణుగులు దిగితే పొట్టు, పుల్ల, తేమ పోను మూడని రాస్తాము. నాలుగు, మూడు కనపడితే నా చెయ్యి నాలుగుకు మూడని రాసేస్తాది. మీ ఇంట్లో చింతపండు ఎవరు అమ్ముతాండారు సార్?"

వెనక వరసల్లోని మండీ వర్తకులు గొల్లుమన్నారు. అధ్యక్షుడు పుస్తకం తిప్పి చూసి, శాలువా మడత పెట్టేశాడు. పురుషోత్తమ్ చెవులు ఎర్రబడేదాకా మునినారాయణ కూర్చోలేదు.

పుస్తకం అట్టమీద అతని పేరు పడలేదు, పోయిన చదువు తిరిగి రాలేదు. నూరేళ్ళయినా మొదటివాడెవరో తేలని ఆ సంగతిలో తప్పు మాత్రం మునినారాయణదేనని చింతామణి అంతా ఒప్పుకుంది.