కరెంటు బోర్డు ముందు ఆసనం

నేను ఒక నల్ల రబ్బరు చాపను. ఒంటినిండా గీతలు తప్ప అందమేమీ లేదు. పుట్టగానే నాకు వేల వోల్టుల కరెంటు పెట్టి పరీక్షించారు. చుక్క కూడా దాటనివ్వలేదు. కాకినాడలో ఒక ఐసు ఫ్యాక్టరీ నన్ను కొని, కరెంటు బోర్డు ముందు పరిచింది.

అక్కడ నేల ఎప్పుడూ తడే. ఎలక్ట్రీషియన్ గవర్రాజు నా మీద నిలబడే బోర్డు ముట్టుకునేవాడు. మిగతావాళ్లకు నేను భోజనాల బల్లను, కునుకు తీసే మంచాన్ని.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. చెప్పులతో తొక్కిన చాప అమ్మవారి ముందు ఉండకూడదట. నన్ను చుట్టి సైకిళ్ల పక్కన పడేశారు. నేల కడిగి, బోర్డుకి పసుపు రాశారు. ఎవరో భక్తుడు ఎర్తు తీగ ఊడదీసి, ఆ బోల్టుకి మామిడాకుల తోరణం కట్టాడు. కొబ్బరినీళ్లు బోర్డులోకి చిందాయి. ఇక యజమాని సత్తిరాజుగారు వట్టి కాళ్లతో ఆ తడిలో నిలబడి మీట వేయడమే తరువాయి.

అది చూసి గవర్రాజు ముందుకొచ్చాడు. ఆగమని బతిమాలాడు. ముహూర్తం దాటిపోతోంది, అడ్డం రావద్దన్నారు రాజుగారు. ఆయన చెయ్యి మీట మీదికి లేచింది.

"ఆసనం లేకుండా అమ్మవారిని ముట్టుకుంటారేంటండీ?" అని అరిచాడు గవర్రాజు.

చెయ్యి ఆగింది. కరెంటుకి జంకని మనిషి అపచారానికి జంకాడు. గవర్రాజు పరుగున వెళ్లి నన్ను తెచ్చాడు. పొడిగా తుడిచి, నాలుగు మూలలా కుంకుమ పెట్టి పరిచాడు. రాజుగారు కాళ్లు తుడుచుకుని నా మీదెక్కి మీట వేశారు. మోటారు గర్జించింది. ఆయనకేమీ కాలేదు.

గవర్రాజు కూడా నా మీదెక్కి, బోర్డు తలుపుకి టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"అమ్మవారు కళ్లు తెరిచిందిరా," అని చేతులు జోడించారు రాజుగారు.

"కళ్లు కాదండి, కరెంటండి. బోర్డు ఒళ్లంతా పాకేసిందండి. మీరు కింద నిలబడుంటే ఈపాటికి ఆవిడ దగ్గరికే ఎల్లిపోయేవారండి."

గవర్రాజు రబ్బరు తొడుగులు వేసుకుని మీట దించేశాడు. బోర్డు ఆరబెట్టి, ఎర్తు తీగ బిగించేదాకా రాజుగారు నా మీంచి దిగలేదు. ప్రసాదం కూడా అక్కడికే తెప్పించుకున్నారు.

తర్వాత నన్ను ఇంటికి తీసుకెళ్లి దేవుడి గదిలో పెడతానన్నారు.

"మీ దేవుళ్లకి షాకు కొట్టదండి," అన్నాడు గవర్రాజు మెల్లగా. "నాకు కొడుద్దండి."

రాజుగారు నన్ను వదిలేశారు, ఒక షరతు మీద. ఇప్పుడు గవర్రాజు రోజూ ముందు నాకు వంగి దణ్ణం పెడతాడు. ఆ తర్వాతే బూట్లతో ఎక్కి తొక్కుతాడు.