కుక్క పడుకున్న చోటు

తెల్లారగట్ల రేవులో పడవలు ఆగగానే కొరమేనులు బేరమాడి కొనడం, తుమ్మచెట్టు కింద కత్తిపీట వేసుకుని వాటిని బాగుచేయడం, బేసిన్ నెత్తిన పెట్టుకుని క్యాంపింగ్ పార్కుకి తీసుకెళ్లి ఇవ్వడం. నాగదుర్గకి రోజూ ఇదే పని. వెనకాల బూడిదోడు నడిచేవాడు. బూడిదోడంటే ఆమె కుక్క. పొయ్యిలో పొర్లి లేచినట్టు ఉంటాడని ఆ పేరు పెట్టింది.

రేవుపేట రాజమండ్రికి పావుగంట దూరం. గోదారి గట్టు దిగితే పాతిక గడపల పేట, పేట ముందు తుమ్మచెట్టు, చెట్టు దాటితే నీళ్లదాకా పచ్చగడ్డి మేట. ఒకప్పుడు ఆ మేట మీద పేటవాళ్లు వలలు ఆరేసుకునేవారు. రెండేళ్ల కిందట ఒక కంపెనీ దాన్ని లీజుకి తీసుకుని, కంచె కట్టి, గుడారాలు వేసి, నీళ్ల ఒడ్డున ‘పెట్ ఫ్రెండ్లీ క్యాంపింగ్’ అని నిలువెత్తు బోర్డు పాతింది. శనివారం వస్తే చాలు, అపార్టుమెంట్ల జనం కుక్కల్ని కార్లలో ఎక్కించుకుని వచ్చి దిగేవారు. వలలు మాత్రం ఇళ్ల కప్పుల మీదికెక్కాయి.

మేటని లీజుకి ఎలా ఇచ్చారంటే, అది ఏటి భూమి, అంటే సర్కారుది. ఏది ఏటిదో ఏది ఊరిదో తేల్చేది బూడిదోడు. ఏటా ఆగస్టులో వరదొచ్చినప్పుడు వాడెక్కడ పడుకుంటే గోదారి అక్కడ ఆగుతుంది. అంతకుముందు వాడి తల్లి పడుకునేది. మర్నాడు వీఆర్వో పల్లంరాజు గారు వచ్చి, కుక్క పడుకున్న చోట రాయి పాతించి, ‘కుక్క పడక, ఇవతల ఊరిది, అవతల ఏటిది’ అని పుస్తకంలో రాసుకుని, టీ తాగి వెళ్లేవారు. ఎక్కడి పద్ధతి అక్కడిది.

రాయి ఎనిమిదేళ్లుగా తుమ్మచెట్టు దగ్గరే పడుతోంది. వరదొచ్చిందంటే నాగదుర్గ ఆ చెట్టు కింద కూర్చుని, మొగుడు సత్తియ్యని పడవతో సహా మింగినందుకు గోదారిని తిట్టేది. ఏ ఏటి తిట్లు ఆ ఏడే, కొత్తవి. బూడిదోడు ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకునేవాడు.

డిసెంబరు సెలవుల్లో ఒక ఆదివారం పార్కు కిటకిటలాడుతోంది. లోపల ఎవరిదో కుక్కకి పుట్టినరోజని కేకు కోస్తున్నారు. మేనేజర్ యుగంధర్ గేటు దగ్గర బూడిదోణ్ణి ఆపాడు.

“దీన్నెందుకు తీసుకొస్తున్నావు?”

“కుక్కల్ని రానిస్తామని మీరే కదండి బోర్డు పెట్టారు.”

“అవి పెట్స్. ఇది కుక్క.”

బెల్టు లేదన్నాడు, టీకా కార్డు లేదన్నాడు, రిజిస్టర్లో బ్రీడ్ అనే గడిలో రాయడానికేమీ లేదన్నాడు. రేవుపేట అని రాసుకోండి అందామె. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆమె లోపలికెళ్లి చేపలిచ్చి వచ్చేసరికి బూడిదోడు ముందుకాలు పైకెత్తి వణుకుతున్నాడు. పక్కన విరిగిన కర్ర పడి ఉంది. ఎవరు కొట్టారంటే అందరూ కేకు వైపు తిరిగారు. కాలు అతుక్కుంది గాని వంకర పోయింది. నాగదుర్గ ఆ గేటు ముఖం చూడటం మానేసింది. కోపం మాత్రం వెన్నంటే తిరిగింది, వండుతున్నా, తింటున్నా, కత్తిపీట ముందు కూర్చున్నా.

ఆగస్టు వచ్చేసరికి పార్కుకి చోటు చాలలేదు. కుక్కలు ఈత కొట్టడానికి కొలను కడతారట. అందుకు పేట ఉన్న చోటు కావాలి. ఈసారి బూడిదోడు పేట వెనక గట్టు మీద పడుకుంటే పాతిక గడపలూ ఏటి భూమిలోకి పోతాయి, అప్పుడు వాటినీ లీజుకి అడగొచ్చు. యుగంధర్ ఈ సంగతి దాచుకోలేదు కూడా. బతిమాలబోయిన పక్కింటి చిట్టెమ్మతో, కుక్క తోక పట్టుకుని ఎన్నాళ్లు గోదారి ఈదుతారు అన్నాడు. సామెతకేం, నోటికొచ్చింది అనేశాడు. పేట ఇన్నేళ్లూ ఈదింది ఆ తోక పట్టుకునే.

బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేసిన రోజు, బూడిదోణ్ణి ఇంటి దగ్గర వదిలి వెళ్లిన నాగదుర్గ చేపలమ్ముకుని మధ్యాహ్నానికి రాజమండ్రి నుంచి తిరిగొచ్చింది. పేటలో అందరూ గిన్నెలూ బియ్యం డబ్బాలూ మూటలు కడుతున్నారు. బూడిదోణ్ణి పార్కువాళ్లు పట్టుకుపోయారే, అంది చిట్టెమ్మ. గట్టు మీద చెక్కతో ఇల్లు కట్టారట, అందులో పరుపు, ఫ్యాను. మెడకి బెల్టు వేశారు. కార్డు రాయించారు. రిజిస్టర్లో వాడి పేరు బ్రూనో. అడగబోతే, మా పెట్, రాసుకున్నాం చూసుకోండన్నారట.

నాగదుర్గ గట్టెక్కి చూసింది. బూడిదోడు పొద్దుటినుంచి మూడు కాళ్ల మీద నిలబడే ఉన్నాడు. ముందు పళ్లెంలో మాంసం ముక్కలు ఎండిపోయి ఉన్నాయి. కునుకు ఆగక వాడి తల వాలిపోతోంది, మళ్లీ లేస్తోంది. గొలుసుకి తాళం. రాయి పెట్టి కొట్టింది, పళ్లతో కొరికింది, వేలు తెగి రక్తం కారింది. తాళం ఊడలేదు. తనని చూస్తే వాడు అక్కడే పడుకుండిపోతాడేమో అని భయమేసింది. వెనక్కి తిరిగి చూడకుండా గట్టు దిగేసింది.

పేట దాటింది. తుమ్మచెట్టు దగ్గర ఆగలేదు. ఆ ఏడు ఆమెకి గోదారి మీద కోపం లేదు. తెరిచి ఉన్న గేటులోంచి, మడతపెట్టిన గుడారాల మధ్య నుంచి, తిన్నగా నీళ్ల ఒడ్డుకి నడిచింది. యుగంధర్ అక్కడ బోర్డు పీకిస్తున్నాడు. వరద తగ్గాక మళ్లీ పాతాలి కదా.

“నాగదుర్గక్కా, మీరా. నీళ్లొచ్చేస్తున్నాయి, ఇక్కడెందుకండి” అన్నాడు. అవసరం పుట్టేసరికి వరసలు కూడా పుట్టాయి.

ఎనిమిదేళ్లు గోదారి మీద పదునుపెట్టిన నోరది. ఆ పదునంతా అతని మీద చూపించింది. అతని బోర్డుని తిట్టింది, బెల్టుని తిట్టింది, కొలనుని తిట్టింది, కేకు తిన్న నోళ్లని తిట్టింది. పనివాళ్లు పలుగులు దించేసి నిలబడి విన్నారు. చివరికి గొంతు తగ్గించింది.

“కొట్టిన రోజున కుక్కన్నావు. కావలసిన రోజున పెట్ అంటున్నావు. నా కుక్కని విప్పు. విప్పేదాకా ఇక్కణ్ణించి లేవను.”

బోర్డు పక్కనే తడిగడ్డి మీద చతికిలబడింది.

అప్పుడు గట్టు మీంచి చెక్కల చప్పుడు వినిపించింది. ఆమె గొంతు వాడికి చేరింది. బూడిదోడు కుంటుకుంటూ, గొలుసుతో పాటు చెక్క ఇంటిని కూడా ఈడ్చుకుంటూ దిగుతున్నాడు. పరుపు పేట దగ్గర జారిపోయింది. ఫ్యాను తుమ్మచెట్టు దగ్గర ఊడిపడింది. మేటకొచ్చేసరికి గొలుసు చివర ఒక్క చెక్క మిగిలింది. వాడొచ్చి ఆమె కాళ్ల దగ్గర మూడు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకున్నాడు.

యుగంధర్ కర్ర అందుకున్నాడు. ఈలోగా ఎర్రనీళ్లు వచ్చాయి. బూడిదోడి ముక్కుకి జానెడు దూరంలో ఆగాయి. అవతల మోకాలెత్తు పెరిగాయి, నడుమెత్తు పెరిగాయి, ఇవతలికి ఒక్క చుక్క రాలేదు. యుగంధర్ కర్ర కింద పెట్టేశాడు.

మర్నాడు పల్లంరాజు గారు వచ్చారు. రాయి బోర్డు గుంటలోనే పాతించారు. మేట మొత్తం రాయికి ఇవతలే ఉంది. ఏటి భూమే లేకపోయాక లీజెక్కడిది? యుగంధర్ రిజిస్టరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“సార్, అది మా పెట్ సార్. మేం పడుకోబెట్టిన చోటే లెక్క. చూడండి, బ్రూనో అని రాసుంది.”

పల్లంరాజు గారు రిజిస్టరు చూశారు, తన పాత పుస్తకం కూడా తిరగేశారు. ఎక్కడ చూసినా కుక్క పడక అనే ఉంది, పెట్ పడక అని ఎక్కడా లేదు. కలం మూత తీసి నాగదుర్గ వంక చూశారు.

“ఏమని రాయమంటావు నాగదుర్గా?”

“కుక్కండి” అంది నాగదుర్గ, బెల్టు కోస్తూ. “కుక్క అనే రాయండి.”

ఆయన రాసుకుని టీ అడిగారు. సాయంత్రానికి మేట నిండా వలలు పరుచుకున్నాయి. బూడిదోడు కుంటుకుంటూ వాటి మధ్య తిరుగుతుంటే నాగదుర్గ ఆ కాలు చూసింది. ఆమె కోపం ఇంకా తీరలేదు. బోర్డుని గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద వాడికి అన్నం వండింది.