చంద్రుడి వెనకవైపు మా మరిది

మా నాజియా స్కూల్లో పిల్లలందరూ కలిసి అట్టలతో పెద్ద చంద్రుణ్ణి చేశారు. మనకెప్పుడూ కనపడని వెనకవైపు గుంతలకు తలా ఒక పేరు పెట్టాలి. అసలు చంద్రుడి మీద గుంతలకు పోయినవాళ్ళ పేర్లే పెడతారట. అందుకని వీళ్ళూ ఇంట్లో పోయినవాళ్ళ పేరే తేవాలని టీచరమ్మ షరతు.

"అబ్బా, మనింట్లో ఎవురు చచ్చిపోయినారు?" అని వాళ్ళ నాన్నను అడిగింది నాజియా.

"హబీబుల్లా అని రాసుకో," అన్నాడు మా ఆయన మీరా హుస్సేన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

హబీబుల్లా ఈయన సొంత తమ్ముడు. మేముండే ఊరి నుంచి దుబాయ్ దాటి పోతే వచ్చే రాస్ అల్ ఖైమాలో రాళ్ళ లారీ తోలుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. ఆమధ్య ఒక పెళ్ళి దావత్‌లో మాంసం వడ్డిస్తూ, మూలగ బొక్క అన్నకు వేయకుండా పక్కాయనకు వేశాడు. అప్పట్నుంచీ ఈయన లెక్కలో తమ్ముడు చచ్చాడు. ఇంత మొండిమనిషిని నేనెక్కడా చూడలేదు.

"బతికుండేవాణ్ణి చచ్చినాడని రాపిస్తారా? పాపం గదా!" అన్నాను.

"నాకు చచ్చినాడు. ఖలాస్!"

పిల్ల అలాగే రాసింది. టీచరమ్మ ఆ గుంతల ఫొటోలు, పోయినవాళ్ళ పేర్లు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మేమెవరం చూడలేదు గానీ, ఆ గ్రూపులో మా నెల్లూరువాళ్ళు కూడా ఉన్నారు. ఇంకేం కావాలి!

శుక్రవారం నమాజు నుంచి వచ్చి ఈయన అన్నానికి కూర్చున్నాడో లేదో, నెల్లూరు నుంచి వాళ్ళక్క ఖతీజాబీ ఫోను.

"ఒరే మీరా, మన హబీబు పోయినాడంట గదరా! నాకొక మాటన్నా చెప్పకపోతివే!"

ఈయన మొహంలో నెత్తురుచుక్క లేదు. చచ్చినవాడికి ఫోన్ చేసి నిజమా అని ఎవరడుగుతారు? ఉన్నపళంగా కారెక్కాం. దుబాయ్ దాటినా ఏడుపు ఆగలేదు. నేనూ ఏడ్చాను. వెనకసీట్లోంచి నాజియా "అబ్బా, అదీ..." అన్నప్పుడల్లా, "ఇంట్లో మనిషి పోతే మాటలా, నోర్మూయ్!" అని కసిరాడు.

తలుపు తీసింది హబీబుల్లాయే. లుంగీతో, ఎంగిలి చేత్తో.

మా వాలకం చూసి బెదిరిపోయాడు. "ఏందన్నా, ఎవురు పోయినారు?"

"నువ్వే చిచ్చా," అంది నాజియా. "చంద్రుడి గుంతకు నీ పేరు పెట్టమని అబ్బానే చెప్పినాడు."

మా ఆయన ఒక్కసారిగా తమ్ముణ్ణి వాటేసుకుని, వీపు మీద దబదబా బాదుతూ అరిచాడు.

"కోపంలో నేనేదో అన్నాన్రా! అంతమాత్రాన నువ్వు నిజంగా చచ్చిపోతే నేనేమైపోవాల!"