బురద మింగిన ఎర్ర కారు

నేను ఒక స్పోర్ట్స్ కారును. ఎర్ర రంగు, రెండే తలుపులు. నేలకు పొట్ట ఆనించినట్టు కూర్చుంటాను. కదలకుండా నిలబడ్డా పరుగెత్తుతున్నట్టే కనిపిస్తాను. ఆ కనిపించడమే చాలామందిని ముంచింది. నా కథ చెబుతున్నది జాలి కోసం కాదు. నన్ను అమ్మినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. ఆ రోత ఎవరికైనా చెప్పుకోవాలి.

పుట్టింది సముద్రం అవతల, పెద్ద ఫ్యాక్టరీలో. ఇంజను బిగించినవాళ్లు వేరు, రంగు వేసినవాళ్లు వేరు. స్టీరింగు లోపల ఎయిర్‌బ్యాగు పెట్టింది మాత్రం ఒకే ఒక నడివయసు స్త్రీ. గుద్దుకున్న క్షణంలో అది ఉబ్బి, మనిషి ముఖానికి అడ్డం పడాలి. ఆమె దాన్ని మడిచి, మళ్లీ విప్పి, మడత సరిచేసి పెట్టింది. నన్ను వేగం కోసం తయారు చేశారని అందరూ అంటారు. నాలో అన్నిటికన్నా శ్రద్ధగా అమర్చిన భాగం మాత్రం అదే.

ఓడెక్కి, దిగి, హైదరాబాదు చేరాను. మొదట కొన్నది నిరంజనరెడ్డి అనే కాంట్రాక్టరు. మూడేళ్లు నడిపాడు. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. ఒక వానాకాలం కుండపోత కురిసి అతని అపార్ట్‌మెంటు సెల్లారు నిండిపోయింది. రెండు రోజులు మురికినీళ్లలో మునిగి ఉన్నాను. నా వైర్లలోకి, సీట్లలోకి, మూలమూలల్లోకి బురద దిగింది. మూడో రోజు నిరంజనరెడ్డి మెట్ల మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇన్సూరెన్సు కోసం ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఇన్సూరెన్సువాళ్లు నన్ను బాగుచేయడం దండగని తేల్చి, తుక్కు కింద వేలానికి పెట్టారు. నా బతుకు అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది!

వేలంలో నన్ను పాడుకున్నది భిక్షపతి. మునిగినవీ, గుద్దుకున్నవీ కొని, పైపైన మెరుగుపెట్టి అమ్మడం అతని వ్యాపారం. నగరం చివర అతనికి ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడ మెకానిక్ యాదగిరి నా సీట్లు ఊడదీసి, పైపుతో కడిగి, ఎండలో పెట్టాడు. ఇంజను ఎలాగో దగ్గి లేచింది.

"లోపల వైర్లన్నీ తుప్పు పట్టినయన్నా. మార్చాలె," అన్నాడు యాదగిరి.

"ఎవడు జూస్తడు లోపల?" అన్నాడు భిక్షపతి. "సీటు తుడువు, సెంటు కొట్టు. కొనేటోడు రంగు జూస్తడు, సప్పుడు వింటడు. గంతే."

తరువాత అతని కన్ను స్టీరింగు మీద పడింది. ఎయిర్‌బ్యాగుకు విడిగా మంచి గిరాకీ ఉందన్నాడు. యాదగిరి దాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. స్టీరింగు మధ్య తడితే బోలుగా వినిపించింది.

"ఏదన్న కుక్కు మరి," అన్నాడు భిక్షపతి.

షెడ్డులో తీగ మీద ఒక పాత నీలి గళ్ల లుంగీ వేలాడుతోంది. నూనె చేతులు తుడుచుకునే గుడ్డ అది. యాదగిరి దాన్ని చుట్టచుట్టి లోపల కుక్కి మూత బిగించాడు. ఎయిర్‌బ్యాగు లేదని హెచ్చరించే దీపం వెలగకుండా ఏదో చేశాడు. మీటరు వెనక్కి తిప్పి, నలభై ఒక్క వేల కిలోమీటర్లను పద్నాలుగు వేలు చేశాడు. మల్లెపూల వాసనేదో నా మీద చల్లాడు. బురద కంపు మీద మల్లెల వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అక్కడి నుంచి అద్దాల షోరూముకు చేరాను. పాత స్పోర్ట్స్ కార్లు మాత్రమే అమ్మే చోటది. చల్లని గది, తెల్లని సోఫాలు, వచ్చినవాళ్లందరికీ కాఫీ. మేనేజరు కార్తికేయ వర్మ నన్ను అరగంట సేపు చూశాడు. బానెట్టు ఎత్తాడు, వంగి వాసన చూశాడు, నవ్వాడు. అతనికి అంతా అర్థమైంది. భిక్షపతి దగ్గర ఎందుకంత చవకో కూడా అర్థమైంది. ఆ సాయంత్రమే నా అద్దానికి 'రెండు వందల పరీక్షల్లో నెగ్గిన కారు' అని కాగితం అంటించాడు. ఒక్క పరీక్ష జరిగితే ఒట్టు. భిక్షపతి కనీసం తన షెడ్డును షెడ్డులాగే ఉంచాడు. వర్మ తన మోసాన్ని ఇస్త్రీ చొక్కాలో పెట్టుకున్నాడు. అందుకే వర్మంటే నాకు ఎక్కువ అసహ్యం.

వారం తిరక్కముందే స్వరాజ్యం వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, నూలు చీర, చెప్పులు, భుజానికి గుడ్డ సంచి. కాజీపేటలో రైలింజన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైంది.

"మీ అబ్బాయికా మేడమ్?" అన్నాడు వర్మ.

"నాకే," అంది. "ముప్పై ఆరేండ్లు రైలింజన్లు బాగుచేసిన. నడిపిందంత వేరేటోళ్లు. ఒక్క ఉషారైన బండన్న నేను నడపాలెనని ఉన్నది."

వర్మ నవ్వు ఆపుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఒకే ఓనరు మేడమ్. ఆదివారం గుడికి తప్ప బయటికి తీసేవారు కాదు."

ఆమె వినలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద మోకాళ్లూని, నా సీటు కింది కార్పెట్టు అంచు ఎత్తింది. బోల్టు మీద వేలు రుద్ది, వేలి కొస చూసుకుంది. వాసన చూసింది. అంత శ్రద్ధగా నన్ను ముట్టుకున్న చెయ్యి ఫ్యాక్టరీ దాటాక అదే మొదటిది.

"ఈ బండి నీళ్లల్ల మునిగిందా?"

"అయ్యో, అదేం మాట మేడమ్!"

"అయితే జాకీ మీద లేపుండ్రి. కింద జూస్త."

"మా రూల్స్ ఒప్పుకోవండీ."

"అయితే నాకొద్దు."

ఆమె లేచేసరికి పక్కన ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఫణీంద్ర, ముప్పై రెండేళ్ల పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. గుంటూరు నుంచి వచ్చి, తొమ్మిదేళ్లుగా ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లన్నీ తీస్తూ ఈ ఒక్క కోరిక కోసం కూడబెట్టుకున్నాడు. నన్ను చూస్తున్న ఆ ముఖంలో వెలుగు చూసి స్వరాజ్యం ఏదో చెప్పబోయింది. వర్మ వైపు చూసింది. నోరు మూసుకుని, సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

"రిటైరైనవాళ్లు సార్. టైంపాస్ కోసం వస్తుంటారు," అన్నాడు వర్మ.

నాకున్న గొంతు హారను ఒక్కటే. 'కొనకు' అని అరవాలనుకున్నాను. వర్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి హారను నొక్కి, "సౌండు చూశారా సార్!" అన్నాడు. ఫణీంద్ర పసివాడిలా నవ్వాడు.

నాలుగు నెలలు అతని దగ్గర ఉన్నాను. పొద్దున్నే మెత్తని గుడ్డతో తుడిచేవాడు. బండి ఎక్కేముందు చెప్పులు దులుపుకునేవాడు. అంత ప్రేమగా చూస్తుంటే నాకు సిగ్గేసేది. అతని ముఖానికి మూరెడు దూరంలో నూనె లుంగీ ఉందని నాకు తెలుసు, అతనికి తెలియదు.

ఒక మధ్యాహ్నం శంషాబాదులో పెళ్లి ముగించుకుని ఔటర్ రింగు రోడ్డు మీద వస్తున్నాం. ముందు వెళ్తున్న నీళ్ల ట్యాంకరు ఉన్నట్టుండి ఆగింది. అతను బ్రేకు తొక్కాడు. తుప్పు తిన్న వైర్ల వల్ల నా బ్రేకులు ఒక్క క్షణం తడబడ్డాయి. గుద్దుకున్నాం. ఆ క్షణంలో ఉబ్బి లేవాల్సినది లేవలేదు. లుంగీ కదల్లేదు. అతని ముఖం స్టీరింగుకు కొట్టుకుంది. కుడికన్ను పోయింది.

అతను ఆసుపత్రిలో ఉండగా అతని బావ నన్ను వదిలించుకోవాలని చూశాడు. ఎయిర్‌బ్యాగు ఎందుకు తెరుచుకోలేదని అడిగితే, నా ముందుభాగం సరిచేసిన గ్యారేజీలో ఎవరో "చిన్న దెబ్బకు తెరుచుకోదు సార్" అన్నారు. ఆయన నమ్మాడు. కాగితాలు ఇంకా ఫణీంద్ర పేరు మీద ఉండగానే నన్ను విశ్వనాథానికి అప్పగించాడు.

విశ్వనాథం మూడో రకం. షెడ్డు లేదు, షోరూము లేదు. నేరేడ్‌మెట్‌లో ఒక ఇల్లు, ముందు తులసికోట, వరండాలో ఊయలబల్ల. నుదుట విభూతి, చేతిలో దినపత్రిక. రిటైరైన లెక్చరర్నని చెప్పుకునేవాడు. 'ఇంట్లో వాడుకున్న కారు, బ్రోకర్లు ఫోన్ చేయవద్దు' అని ప్రకటన ఇచ్చేవాడు. అసలు బ్రోకరు అతనే. కొనడానికి వచ్చినవాళ్లకు భార్య కస్తూరి మజ్జిగ ఇచ్చేది. "మా అబ్బాయి డాక్టరమ్మా, తీరిక లేక అమ్మేస్తున్నాం" అని అతను నిట్టూర్చేవాడు. నాకు ముందు ఉన్న తెల్లకారూ అబ్బాయిదే, దానికి ముందున్న జీపూ అబ్బాయిదే. వాళ్లకు పిల్లలే లేరు. లేని బిడ్డను నెలకోసారి కొత్తగా కని అమ్ముకునే ఆ దంపతులను చూస్తే, భిక్షపతి షెడ్డులోని నూనె మడుగే శుభ్రంగా అనిపించింది.

ప్రకటన చూసి ఒక ఉదయం స్వరాజ్యం వచ్చింది. ఆమె కోరిక ఇంకా తీరలేదు. గేటు దాటగానే నా నంబరు పలక దగ్గర ఆగిపోయింది.

"ఈ బండి నేను జూసిన," అంది.

"ఉండదమ్మా. ఇల్లు కదల్లేదు ఇది. మా అబ్బాయిది," అన్నాడు విశ్వనాథం.

"కాగితాలు సూపెట్టుండ్రి." చదివింది. "ఫణీంద్ర, తండ్రి గోవర్ధనరావు అనున్నది. మీరు విశ్వనాథం గదా?"

అతను రెప్ప కూడా వేయలేదు. "పెంచుకున్నామమ్మా," అన్నాడు. వెనక నుంచి కస్తూరి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

స్వరాజ్యం మజ్జిగ గ్లాసు ముట్టలేదు. నా సీట్లో కూర్చుని, స్టీరింగు మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కింది. లోపల ఏదో మెత్తగా అణిగింది. ఆమె ముఖం మారిపోయింది. కాగితం మీది చిరునామా సంచిలోని పుస్తకంలో రాసుకుని, దిగి వెళ్లింది.

మూడు రోజుల తరువాత తిరిగి వచ్చినప్పుడు ఆమె వెంట ఒక ఎస్సై, ఒక రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు ఉన్నారు. వాళ్ల వెనక నల్లకళ్లద్దాలతో ఫణీంద్ర. విశ్వనాథానికి గుండెనొప్పి వచ్చింది. ఎస్సై అంబులెన్సు పిలవనా అని అడగ్గానే తగ్గిపోయింది.

నన్ను పోలీసు స్టేషను ఆవరణకు లాక్కెళ్లారు. అందరి ముందూ ఇన్‌స్పెక్టరు స్టీరింగు మూత విప్పాడు. నీలి గళ్ల లుంగీ చుట్ట జారి సీటు మీద పడింది. ఫణీంద్ర అద్దాలు తీసి, సంచిలోంచి కెమెరా బయటికి తీశాడు. అలవాటుగా కుడికంటికి పెట్టుకున్నాడు. తరువాత ఎడమకంటికి మార్చుకుని ఫొటో తీశాడు. ఇంకోటి తీశాడు.

స్వరాజ్యం అతని దగ్గరికి వెళ్లింది. "ఆ రోజు తుప్పు నేను జూసిన బాబూ. నీకు చెబుదామనుకున్న. నడుమ నాకెందుకులే అని పోయిన."

అతను కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. "చెప్పి ఉంటే బాగుండేదండీ," అన్నాడు.

"బాగుండేది," అంది ఆమె. ఆ తరువాత కేసు నడిచిన రెండేళ్లూ ప్రతి వాయిదాకూ కాజీపేట నుంచి రైలెక్కి వచ్చింది. ఒక్కటీ తప్పలేదు. వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకు కూడా వచ్చి, నాలోంచి ఎవరూ ఏదీ ఊడదీయలేదు కదా అని చూసి వెళ్లేది.

వాళ్లేమయ్యారంటారా? తుక్కు అని చెప్పే అమ్మానన్నాడు భిక్షపతి. తనకేమీ తెలియదన్నాడు వర్మ. అబ్బాయి ఎవరని జడ్జి అడిగితే విశ్వనాథం కళ్లు తిరిగి పడ్డాడు. చివరకు భిక్షపతికి జైలు పడింది. విశ్వనాథానికి శిక్ష పడింది గానీ, వయసు చూసి తగ్గించారు. ఫణీంద్రకు నష్టపరిహారం ఇమ్మని వర్మకు చెప్పారు. వర్మ పైకోర్టుకు వెళ్లాడు. ఈలోగా అదే వీధిలో, అవే తెల్లసోఫాలతో, వేరే పేరున షోరూము తెరిచాడట. నా రోత తీరలేదని ఎందుకంటున్నానో ఇప్పుడు తెలిసిందా?

నా విషయంలో మాత్రం తీర్పు స్పష్టంగా ఉంది. ఈ బండి గానీ, దీని భాగాలు గానీ ఎప్పటికీ రోడ్డెక్కకూడదు.

ఈ ఉదయం నన్ను తుక్కు యార్డుకు తెచ్చారు. స్వరాజ్యం నాకన్నా ముందే వచ్చి, ఎండలో గొడుగు వేసుకుని నిలబడి ఉంది. యార్డు మనిషి నా చుట్టూ తిరిగాడు. చూపులో నాకు బాగా తెలిసిన ఆశ.

"సీట్లు మంచిగున్నయమ్మా. ఇంజను గూడ పనికొస్తది. తీసి పక్కకు పెడ్త. ఎవరికన్న..."

"ఒక్క బోల్టు గూడ బయటికి పోవద్దు," అంది స్వరాజ్యం. కోర్టు కాగితం అతని ముఖం ముందు పెట్టింది. "సదువు."

అతను చదివాడో లేదో, విసుగ్గా క్రేను వైపు చెయ్యి ఊపాడు. పైనుంచి ఇనుప కొక్కెం దిగుతోంది. ఆమె నా బానెట్టు మీద అరచెయ్యి ఆనించింది, ఇంజను వేడి చూసే ఫిట్టరులా.

"నీదా ఏందమ్మా ఈ బండి?" అన్నాడు అతను.

"కాదు," అంది. "కొందామనుకున్న."

చెయ్యి తీసేసి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.