పేరు, పేడ

నిడదవోలు దగ్గరి బౌద్ధ విహారంలో ఏళ్ల తరబడి అన్నం ఉడికింది హనుమంతరాజు గారు పంపిన సరుగుడు కట్టెల మీదే. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతే ఆయనే గుర్తుచేసేవాడు.

ఇప్పుడు ఆయన బాబాయి కొడుకు శ్రీనివాసరాజు ఆ విహారానికి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాడు. ఇక కట్టెలు పంపనక్కర్లేదని భిక్షువులు దణ్ణం పెట్టి మరీ చెప్పారు. వంటింట్లో పొగ లేదని, చెట్లు కొట్టే పని తప్పిందని వచ్చినవాళ్లంతా శ్రీనివాసరాజునే పొగుడుతుంటే, హనుమంతరాజుకి కట్టెలు లేకుండానే ఒళ్లు మండింది. పైగా ప్లాంటు గోడ మీద వాడి పేరొకటి!

"పేడ లేక నాలుగు రోజుల్లో మూలపడుతుంది చూడు. వాడికి రొయ్యల చెరువులే గానీ ఒక్క గేదైనా ఉందా?" అని భార్య దగ్గర అక్కసు వెళ్లగక్కాడు.

బంగారమ్మ నవ్వాపుకుంటూ అంది. "పేడకి లోటేంటండీ? మన గేదెలదే రోజూ పంపిస్తున్నాను. పేరు మీ తమ్ముడిది, పేడ మనది."

హనుమంతరాజు చెప్పులైనా వేసుకోకుండా విహారానికి పరిగెత్తాడు.

"గోడ మీద నా పేరు కూడా ఉండాలండి. వాడి పేరు కంటే పెద్దగా ఉండాలి. నేనేం ఇస్తున్నానో అందరికీ తెలియాలి!"

పెద్ద భిక్షువు గారు చిరునవ్వుతో సరేనన్నారు.

మర్నాడు గోడ దగ్గర ఊరంతా మూగింది. శ్రీనివాసరాజు పేరు కింద, దానికి రెండింతల అక్షరాలతో, కొత్త రంగు మెరిసిపోతోంది:

"పేడ: హనుమంతరాజు గారు."